ఏ ఇంటి ఉయ్యాలండీ ఇది

బసవలింగానికి రెండు పనులు చేతకావు. ఒకటి కాదనడం, రెండోది అబద్ధమాడడం. ఈ రెండూ రానివాణ్ణి లోకం మంచివాడంటుంది. ఆయన భార్య కోటమ్మ మాత్రం ఆ మాటకు ఒప్పుకునేది కాదు. మంచితనం వేరు, చేతకానితనం వేరు, మా ఆయనది రెండోరకం అని తెనాలి గంగానమ్మపేటలో ఇరుగుపొరుగులకు విడమరిచి చెప్పేది. మంచివాడైతే ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చేవాడు కదా అనేది.

చీరాల పక్కన మగ్గాల ఇంట్లో పుట్టి, నేత కలిసిరాక, తెనాలి బట్టల కొట్టులో గుమాస్తాగా చేరాడు బసవలింగం. చీర కొంగు రెండు వేళ్ళ మధ్య నలుపుతూ ఏ ఇల్లాలైనా "రంగు పోతుందా అబ్బాయ్?" అని అడిగితే, పక్క గుమాస్తాలు చీర పోయినా రంగు పోదని ఒట్టేసేవారు. బసవలింగం ఒట్టేయడు, పోతుందనీ చెప్పడు. తలెత్తి కొట్టు దూలాల కేసి చూసేవాడు. ఆ ఇల్లాలు కూడా ఒకసారి దూలాల కేసి చూసి, సంగతి అర్థమై, చీర అక్కడే పెట్టి వెళ్ళిపోయేది. షావుకారు పాపం పెద్దమనసు గలవాడు, మాన్పించలేదు. గిరాకీ ఎదట పడకుండా లోపల బట్టలు మడతపెట్టే పనిలో వేశాడు. బసవలింగం జీవితమంతా ఆ మడతల్లోనే గడిచింది. షావుకారు పోయాక కొడుకులు కొట్టును రెడీమేడ్ షాపుగా మార్చి, అన్నీ మడతపెట్టే వస్తున్నాయి, ఇంక మీరు విశ్రాంతి తీసుకోండి బాబాయ్ అని గౌరవంగా ఇంటికి పంపేశారు.

ఆ విశ్రాంతి ఎన్నాళ్ళో సాగలేదు. తొంభయ్యో సంవత్సరం మే నెల తుఫాను రేపల్లె దిగువ పల్లెల్ని ఊడ్చిపెట్టింది. తెనాలిలో లాయరు గారి భార్య అనంతలక్ష్మి మరికొందరు ఆడవాళ్ళను కూడగట్టి, ఇల్లిల్లూ తిరిగి పాతబట్టలూ సామాన్లూ పోగుచేసింది. బట్టలు మడతపెట్టడానికి మనిషి కావాలన్నారు. ఊళ్ళో ఆ విద్యలో బసవలింగాన్ని మించినవాడు లేడు. అడగగానే సరేనన్నాడు. ఆయనకు ఇంకో మాట రాదుగా.

ఆ మూటల్లో ఏమేం వచ్చాయో చెబితే తెనాలి పరువు పోతుంది గాని, చెప్పక తప్పదు. ముళ్ళు లేని గోడ గడియారం వచ్చింది. ఎడమకాలి చెప్పులే వచ్చాయి. ఒకాయన కట్టుడు పళ్ళ సెట్టు పొట్లం కట్టి పంపాడు. మంచి చీరలు మాత్రం రాలేదు. ఎందుకంటే మంచి చీరల కోసం వారం వారం స్టీలు గిన్నెల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వస్తుంది, నాలుగు పాతచీరలకు ఒక గిన్నె ఇచ్చిపోతుంది. పుణ్యానికి గిన్నె రాదు. అయినా అనంతలక్ష్మి ఊరుకోక, తన బీరువా తనే ముందు ఖాళీచేసి, తక్కినవాళ్ళను సిగ్గుపడేట్టు చేసి, లారీ నింపింది.

లారీ నిజాంపట్నం అవతల చేపలు పట్టే వాళ్ళ పాలెంలో ఆగింది. పైనుంచి మూటలు విప్పి విసిరారు. కింద జనం నిలబడి చూశారే గాని ఒక్కరూ చెయ్యి చాచలేదు. చీరలు గాలికి ఎగిరి తుమ్మకంపకు చుట్టుకున్నాయి. లారీ మీద ఆడవాళ్ళు తెల్లబోయారు. అప్పుడు కోటేశ్వరమ్మ అనే ఒకామె ముందుకొచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. ఇల్లు పోయింది, వల పోయింది, మాట మాత్రం పోలేదు.

"అమ్మా, విసిరితే పట్టుకోడానికి చేతులు రావటంలేదు. కింద పరిచి పెట్టండి, చూసి తీసుకుంటాం. ఊరికే కూడా వద్దులెండి, ఏదో ఒకటి ఇచ్చుకుంటాం" అంది.

పట్టాలు పరిచి బట్టలన్నీ మడతలు పెట్టి వరసగా సర్దింది బసవలింగమే. అప్పుడు జనం వచ్చారు. నేత చూశారు, అంచు చూశారు, ఇది మా అత్తకు బావుంటుంది అనుకున్నారు, బాగాలేనివి బాగాలేవని మొహం మీదే చెప్పారు. కోటేశ్వరమ్మ ఒక ఆకుపచ్చ చీర తీసుకుని, తుఫానులో మిగిలిన ఎండుచేపల పొట్లం తెచ్చి అనంతలక్ష్మి చేతిలో పెట్టింది. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టని అనంతలక్ష్మి ఆ పొట్లాన్ని వద్దనలేక, కింద పెట్టలేక, తెనాలి దాకా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చింది. దారి పొడుగునా అందరూ ఊపిరి సగం సగమే పీల్చుకున్నారు. ఇంటికి చేరాక ఆవిడ చేతులు కడుక్కుంటూ, ఇది దానంగా చెయ్యకూడదు, కొట్టు పెట్టాలి అంది.

అలా రేపల్లె రైలుస్టేషను దగ్గర పాత ధాన్యం గది ఒకటి అద్దెకు తీసుకుని ఇంటి సామాన్ల కొట్టు తెరిచారు. జనం దాన్ని పాతకొట్టు అన్నారు. తెనాలి, బాపట్ల ఇళ్ళలో వాడగా మిగిలినవి అక్కడ చేరేవి. అప్పుడే ఇళ్ళల్లోకి గ్యాసు పొయ్యిలూ మిక్సీలూ వస్తున్న రోజులు, కిరసనాయిలు స్టవ్వులకూ రోళ్ళకూ లోటేముంది. కొనేవాళ్ళు తమకు తోచింది ఇచ్చి తీసుకుపోయేవారు. ఆ వచ్చిన దానితోనే పాలెం పిల్లలకు పలకలూ, కాన్పులప్పుడు మందులూ కొనేవారు. కొట్టులో కూర్చునేదెవరు అంటే అందరూ బసవలింగం కేసి చూశారు. ఆయన తలూపాడు. పొద్దున్నే తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కడం, సాయంత్రం అదే బండిలో తిరిగి రావడం.

అందరికంటే ఆశ్చర్యం కోటమ్మకు. గిరాకీ ముందు పనికిరాడని లోపల దాచిన మనిషి ఈ కొట్టుకు పనికొచ్చాడు. కారణం ఇదీ: పాత వస్తువు కొనడానికి వచ్చినవాళ్ళు ధర ముందు అడగరు. "ఏ ఇంటిదండీ ఇది?" అని అడుగుతారు. ఈ మంచం మీద ఎవరన్నా పోయారా? ఈ బిందె ఎందుకిచ్చేశారు? మరీ ముఖ్యంగా పసిపిల్లల గుడ్డలు. మన వైపు పురిటిబిడ్డకు కొత్తబట్ట తొడగరు. పిల్లలు చల్లగా పెరిగిన ఇంటి పాతబట్ట తెచ్చి తొడుగుతారు. అందుకని చిన్న చిన్న చొక్కాలు ఇలా రాగానే అలా అయిపోయేవి. బసవలింగం తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు. తెలియనిది తెలియదనేవాడు. చెప్పకూడనిదయితే దూలం కేసి చూసేవాడు, వాళ్ళు ఆ వస్తువు వదిలేసి ఇంకోటి తీసుకునేవారు. ఆ ఇంట్లో ఏడుగురు పిల్లలు పెరిగారని ఆయన అన్నాడంటే ఏడుగురే అని చుట్టుపక్కల ఊళ్ళన్నీ నమ్మాయి. రేపల్లెలో ఆయన మాటకు బ్యాంకు మాటకున్నంత విలువ వచ్చింది. జీవితంలో మొదటిసారి బసవలింగం కొంచెం నిటారుగా నడిచాడు.

అదే ఆయన కొంప ముంచింది.

తొంభై మూడులో బాపట్ల నుంచి కబురొచ్చింది. భావనారాయణస్వామి గుడి వీధిలో ఒక ఇంట్లో ఉయ్యాల ఉంది, వచ్చి తీసుకుపొమ్మని. ఆ ఇల్లాలి పేరు వేదవతి, బడిలో పంతులమ్మ. చేవ కలప ఉయ్యాల, నాలుగు మూలలా రంగు చిలకలు. మా అత్తగారి నాటిదండి అంది. మావారూ వారి తోబుట్టువులూ నా పిల్లలూ మొత్తం ఏడుగురం, నేను కాదనుకోండి, ఏడుగురు ఇందులోనే పెరిగారండి అని నవ్వబోయింది. బసవలింగం సంతోషంగా తాడు కట్టుకుంటున్నాడు. ముడి వేసేసరికి ఆవిడ మళ్ళీ మాట్లాడింది, ఈసారి ఆయన కేసి చూడకుండా.

"ఎనిమిదోవాడు మా అమ్మాయి కొడుకండి. నాలుగో నెలలో పోయాడు, జ్వరమొచ్చి. ఉయ్యాల తప్పేముంది అంటారు మావారు. నాకూ తెలుసు. కాని నేను చూడలేకపోతున్నానండి."

బసవలింగం అవునండి అన్నాడు. ఆ మాటకు అవుననవచ్చో కూడదో ఆయనకు తెలియదు. ఎవరికైనా పనికొస్తే చాలు అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఎవరికేం చెప్పాలో ఆవిడ చెప్పలేదు, ఈయన అడగలేదు.

రేపల్లె బస్సు టాపు మీద ఉయ్యాల పట్టదన్నాడు కండక్టరు. చిలకల మెడలు విరిగితే నాది పూచీ కాదు, లోపలే పెట్టుకో పెద్దాయనా అన్నాడు. సరే, ఆ యాభై ఏడేళ్ళ మనిషి సీటు సందులో నిలబడి, ఉయ్యాలను రెండు చేతులా కౌగలించుకుని ప్రయాణం చేశాడు. పక్కసీటు ముసలమ్మ ముచ్చటపడి, మనవడా అని అడిగింది. కాదండి అన్నాడు. మనవరాలా అంది. కాదండి అన్నాడు. ఆవిడ ఆయన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, ఈ వయసులోనా నాయనా, సరేలే, దేవుడిచ్చినప్పుడే అని నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించింది. వెనక సీట్లలో కిసకిసలు మొదలయ్యాయి. రేపల్లె వచ్చేదాకా బస్సంతా ఆయన్ను బాలింత మొగుణ్ణి చూసినట్టు చూసింది, ఒకాయన లేచి సీటు కూడా ఇచ్చాడు.

కొట్టుకు చేర్చాక బసవలింగం ఆ ఉయ్యాలను మూల బీరువా వెనక పెట్టి, పైన చాపలు కప్పాడు. ఎవరూ అడక్కుండా ఉంటే బావుణ్ణని ఆయన ఆశ. నెలాఖరుకు చూడవచ్చిన అనంతలక్ష్మి చాప లాగి, ఇంత లక్షణమైన వస్తువు దాచిపెట్టుకోడానికా మనం తెచ్చిందీ అని కోప్పడి, కొబ్బరినూనె గుడ్డతో చిలకలన్నిటినీ తళతళలాడించి గుమ్మం దగ్గర పెట్టించింది. ఆవిడకు సంగతి చెబుదామనుకున్నాడు. ఆవిడ అప్పుడే గడియారం ముళ్ళు ఎక్కడ దొరుకుతాయో మాట్లాడుతూ ఉంది. ఎప్పుడూ ఇంతే, బసవలింగం చెబుదామనుకునే సమయానికి లోకం వేరే సంగతిలో ఉంటుంది.

ఆ వారమే కోటేశ్వరమ్మ వచ్చింది. చంకలో నెల దాటిన పిల్లాడు, చిన్నయ్య. తుఫాను తర్వాత ఆమెకు ఇద్దరు పుట్టి ఇద్దరూ దక్కలేదు. సంగతి పాలెంలో అందరికీ తెలుసు, బసవలింగానికీ తెలుసు. మొదటి బిడ్డకు కొత్త ఉయ్యాలగుడ్డ, రెండో బిడ్డకు కొత్త బుట్ట ఉయ్యాల కొన్నారు. కొత్తది నీకు అచ్చిరాదే, పిల్లలు నిలిచిన ఇంటి పాత ఉయ్యాల తెచ్చుకో అని పెద్దవాళ్ళు చెప్పారు. ఆమె గుమ్మంలో నిలబడి చిలకలను చూసింది, బసవలింగాన్ని చూసింది.

"ఏ ఇంటిది బాబాయ్ ఇది? పిల్లలు బతికిన ఇంటిదేనా?"

బసవలింగం కళ్ళు పైకి లేవబోయాయి. లేస్తే చాలు, ఆమె వెళ్ళిపోతుంది. కాని వెళ్ళి ఏం చేస్తుంది? ఆ చుట్టుపక్కల ఎక్కడా ఇంకో ఉయ్యాల లేదు. ఉన్నవాళ్ళు ఇద్దరు పిల్లలు పోయిన చేతికి ఎరువివ్వరు. ఆమె అక్కడ ఏదో అడుక్కుంటున్నట్టు కాక, కొట్టుకొచ్చిన మనిషిలాగే నిలబడింది. పిల్లాడు ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాడు. బసవలింగం కళ్ళను కిందికి దించాడు. అందుకు ఎంత బలం కావాల్సి వచ్చిందో ఆయనకే తెలుసు.

"ఏడుగురు పెరిగారమ్మా ఇందులో" అన్నాడు.

అది నిజమే. తర్వాత చెప్పవలసిన వాక్యం కూడా నాలిక మీదికి వచ్చింది. ఈలోగా ఆమె ఆ ఏడుగురినీ కళ్ళకద్దుకున్నట్టు ఉయ్యాల అంచును కళ్ళకద్దుకుని, పిల్లాణ్ణి అందులో పడుకోబెట్టింది. పిల్లాడు చిలకను చూసి ఏడుపు ఆపాడు. ఆమె మొహం చూశాక రెండో వాక్యం ఎంత లాగినా రాలేదు. చేతకానితనమే. కాదనడం రానివాడు అక్కడ కాదనవలసి వచ్చింది, అబద్ధం రానివాడు దానికి అక్క కూతురు వరసయ్యేది ఏదో ఆడాడు. ఎండుచేపలూ, కొంత చిల్లరా పెట్టి, ఆమె ఉయ్యాల బండికెక్కించుకుని పోయింది.

ఆనాటి నుంచి బసవలింగానికి పాలెంలో పని పడింది. ఏదో ఒక వంకన బస్సెక్కేవాడు. లాంతరు తెచ్చాను చూస్తారా అనేవాడు. జల్లెడ కావాలా అనేవాడు. కట్టుడు పళ్ళ సెట్టు కూడా ఒకసారి తీసుకెళ్ళాడు, చేతికి ఇంకేమీ దొరక్క. కోటేశ్వరమ్మ గుడిసె ముందు ఆగి, పిల్లాడు తాగుతున్నాడా, నిద్రపోతున్నాడా, ఒళ్ళు వెచ్చగా ఏమన్నా ఉందా అని అడిగేవాడు. పాలెంవాళ్ళు ముందు మురిసిపోయారు, తర్వాత విసుక్కున్నారు. ఈ ముసలాయన అమ్మకుండా వదలడు అని ఆయన బస్సు దిగడం చూసి తడికలు వేసుకునేవారు. నాలుగో నెల వచ్చింది. ఆ నెలంతా బసవలింగం తిన్నది తిన్నట్టు లేదు. వానల్లో చిన్నయ్యకు జ్వరం తగిలింది. విన్న మరుక్షణం కొట్టు తాళం వేసి పరిగెత్తి, తల్లినీ బిడ్డనూ రేపల్లె డాక్టరు దగ్గరికి తెచ్చి, సూది వేసేటప్పుడు పిల్లాడి కంటే ముందు తనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. జలుబు చేసిందండీ అంతే అన్నాడు డాక్టరు. తాతగారికి మాత్ర ఏమన్నా ఇవ్వమంటారా అని కోటేశ్వరమ్మను అడిగాడు.

చివరికి ఇంట్లో భార్య కోటమ్మకు చెప్పుకున్నాడు. ఆమె బియ్యం చెరుగుతూ విన్నది. చెరగడం ఆపలేదు.

"చెప్పకపోతే నీకు అన్నం దిగదు, చెబితే ఆ పిల్లకి దిగదు. నీకు అన్నం దిగకపోవటం నాకు అలవాటేగా. ఆ పిల్లాడికి ఏడాది నిండేదాకా నోరు మూసుకో. నిండాక చెప్పిరా" అంది.

ఇది బసవలింగానికి నచ్చింది. ఏడాది నిండితే ఎనిమిదోవాడు పెరిగినట్టే లెక్క. అప్పుడు చెప్పినా ఎవరికీ నష్టం లేదు. చిన్నయ్య బోర్లా పడ్డాడు, పాకాడు, గోడ పట్టుకున్నాడు. ప్రతి కబురుకూ బసవలింగం కొట్టులో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి కొసరు ఇచ్చేవాడు. ఏడాది నిండిన రోజున చొక్కా ఒకటి మడతపెట్టి పట్టుకుని పాలెం వెళ్ళాడు.

కోటేశ్వరమ్మ ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. చిన్నయ్య కాకుల వెనక తప్పటడుగులు వేస్తున్నాడు. బసవలింగం ఆనందంగా గుడిసెలోకి తొంగిచూశాడు. ఉయ్యాల లేదు. ఏదీ అన్నాడు. ఆమె గర్వంగా చెప్పింది: నాలుగిళ్ళ అవతల నాంచారమ్మ నీళ్ళోసుకుని ఆడపిల్లను కన్నది, తొలి కాన్పు, భయపడుతుంటే తనే మోసుకెళ్ళి ఇచ్చింది, ఎనిమిదిమంది బతికిన ఉయ్యాల అని. నాంచారమ్మ తర్వాత ఇంకో ఇద్దరు ఇప్పటికే అడిగి పెట్టుకున్నారు. పక్క పాలెం నుంచి కూడా మనిషొచ్చాడు.

బసవలింగం ఆ ఇసకలోనే కూర్చున్నాడు. చెప్పవలసినదంతా ఏడాదిగా వరస పెట్టుకుని వచ్చాడు. ఆ వరస ఇప్పుడు ఎక్కడా అతకలేదు. అయినా రెండో వాక్యం, ఇన్నాళ్ళూ రానిది, తగుదునమ్మా అని అప్పుడే బయటికొచ్చింది.

"అమ్మాయ్, ఎనిమిదోవాడు ముందే ఒకడున్నాడు. వాడు పెరగలేదు."

ఆమె చెయ్యి చేప మీదే ఆగింది. ఎప్పుడు తెలిసింది నీకు అని అడిగింది. తెచ్చిన రోజే అన్నాడు. ఆమె అరుస్తుందనుకున్నాడు, అరిస్తే బావుణ్ణనుకున్నాడు. ఆమె చిన్నయ్యను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, వాడి కాళ్ళ ఇసక దులిపింది.

"నా పిల్లాడు నడుస్తున్నాడు. నాకేం భయంలేదు. కాని నాంచారికి ఇచ్చింది నేను. నువ్వు నాకు చెప్పి తేలికపడ్డావు. నేనెవరికి చెప్పి తేలికపడను బాబాయ్?"

వెళ్ళి చెప్పి వెనక్కి తెచ్చేద్దాం అన్నాడు బసవలింగం.

"బాలింతకి ఆ మాట చెప్పి ఉయ్యాల లాక్కొస్తే, రేపు పిల్ల తుమ్మినా అదే అనుకునిద్ది. చెప్పకపోతే మనిద్దరం అనుకుంటాం. ఎవరో ఒకళ్ళు అనుకోవాల్సిందే. దానికన్నా మనమే నయం, మనకి అలవాటైంది" అంది కోటేశ్వరమ్మ.

ఆ తర్వాత ఆమె ఆయనతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. కాని కొట్టుకు పాలెం నుంచి ఎవరు వచ్చినా, స్టవ్వుకో తపేలాకో బేరమాడి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, నాంచారి పిల్ల బావుందని చెప్పమంది కోటేశ్వరమ్మ అనేవారు. ఎందుకు చెప్పమందో వాళ్ళకు తెలియదు. బసవలింగం సరేనమ్మా అనేవాడు. ఆ పూటకు అన్నం దిగేది.

ఒక వారం పాలెం నుంచి ఎవరూ రాలేదు. వేలంపాటల్లో చేపలు బాగా పలుకుతున్నాయి, ఊరంతా రేవులో ఉందని తర్వాత తెలిసింది. బసవలింగానికి అదేం తెలుస్తుంది. ఆ పైన ఇంకో రెండురోజులు చూశాడు, మూడోనాడు మధ్యాహ్నం ఒక చిల్లుల గరిటె చేత పట్టుకుని బస్సెక్కాడు. నాంచారమ్మ ఇంటి ముందు దిగబడేసరికి అక్కడ కోటేశ్వరమ్మ అప్పటికే ఉంది. ఎందుకొచ్చావంటే ఉప్పు బదులుకొచ్చానంది. చేతిలో గిన్నె లేదు. రేవు పనిలో పడి వారం రోజులుగా ఆమె కూడా పిల్లను చూడలేదన్నమాట.

లోపల పిల్ల ఉయ్యాల్లో కాళ్ళాడిస్తోంది. నాలుగో నెల. బసవలింగం తడిక సందులోంచి, కోటేశ్వరమ్మ గుమ్మంలోంచి, రెప్పవేయకుండా చూశారు. ఊపిరి తీస్తోందా, చెంప ఎర్రగా ఉందా, ఆ ఎరుపు మంచి ఎరుపా కాదా. నాంచారమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, తల్లి అయ్యాక గొంతు వచ్చింది.

"ఏంటి పిన్నీ ఇది? నువ్వేమో పూటకోసారి వచ్చేదానివి. ఈయనేమో గరిటెలూ జల్లెడలూ పట్టుకుని వస్తాడు, ఒక్కటీ అమ్మడు. ఇద్దరూ నా పిల్లని అట్టా మింగేట్టు చూస్తే దిష్టి తగలదా? రాత్రి ఒకటే ఏడుపు."

రాత్రి ఏడ్చిందా అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. అది ఇంకా తప్పయింది. నాంచారమ్మ గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, పాదం ఎత్తండి అంది. దిష్టి పెట్టినవాళ్ళ కాలి కింది మట్టి కూడా కలిపితేనే పోతుంది. తెనాలి నుంచి వచ్చిన పెద్దమనిషి, రేపల్లెలో మాటకు విలువగలవాడు, చిల్లుల గరిటె చంకలో పెట్టుకుని, గుంజ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆయన పాదం కింది మట్టి తీసుకుంది. తర్వాత కోటేశ్వరమ్మది. ఆమె బసవలింగం కేసి ఒక్కసారి చూసి కాలెత్తింది. దిష్టి కాదు తల్లీ అని చెప్పడానికి లేదు. మరేమిటి అంటే ఏం చెబుతారు?

పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి ఆ గుప్పెడూ పొయ్యిలో వేసింది నాంచారమ్మ. మిరపకాయలు కాలితే ఘాటు రావాలి, దగ్గు రావాలి. వస్తే దిష్టి లేనట్టు. రాకపోతే ఉన్నట్టు. బసవలింగం గుండెల నిండా గాలి పీల్చాడు, కోటేశ్వరమ్మ కూడా పీల్చింది. ఎంత పీల్చినా దగ్గు రాలేదు. బసవలింగం చిన్నగా దగ్గి చూశాడు గాని, అది అబద్ధపు దగ్గని ఎదటివాళ్ళకు తెలిసిపోయింది.

నాంచారమ్మ ఉయ్యాలను లోపలి మూలకు జరుపుకుని, పిల్ల మొహం మీద కొంగు కప్పి, వాళ్ళ మొహాల మీద తడిక వేసింది.

ఎండలో ఇద్దరూ అలాగే నిలబడ్డారు. లోపల ఉయ్యాల కిర్రుమంటోంది. ఆ చప్పుడు ఆగిపోకుండా ఉన్నంతసేపూ విన్నారు. బస్సుకు వేళయింది. కోటేశ్వరమ్మ పక్కకు తిరిగి, మూడు నెలల తర్వాత మొదటిసారిగా ఆయనతో మామూలుగా మాట్లాడింది.

"రేపు నేను వెనకవైపు నుంచి చూస్తాలే బాబాయ్. ఎల్లుండి నువ్వు రా."